రాజు లేని శుక్రవారం

కాగితం మీద లేనిది జరగనట్టే అని నమ్మే మనిషిని నేను. ఈ జబ్బు నాకు ఉద్యోగంతో పట్టుకుంది. దోహాలో ఎటు చూసినా క్రేన్లే కనిపించే రోజులవి. గ్యాస్ డబ్బుతో సముద్రంలో మట్టి పోసి మరీ టవర్లు లేపుతున్నారు. నేను ఒక నిర్మాణ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ఇంజనీర్లు గీసిన డ్రాయింగులు కన్సల్టెంట్‌కి పంపడం, అవి ఏ ముద్రతో తిరిగొచ్చాయో రిజిస్టర్‌లో రాయడం నా పని. ‘ఏ’ పడితే ఆమోదం. ‘సీ’ పడితే సరిదిద్ది మళ్ళీ పంపాలి. సైటులో గోడ కట్టేసి సున్నం కొట్టేసినా సరే, డ్రాయింగ్ మీద ‘ఏ’ పడకపోతే నా దృష్టిలో ఆ గోడ లేదు. దీనికి సైటు వాళ్ళు నన్ను తిట్టుకునేవారు. నేను పట్టించుకునేవాణ్ణి కాదు.

ఉండేది ఐన్ ఖాలిద్‌లో, ఒక విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చిన గదుల్లో ఒకదాంట్లో. శుక్రవారం మాత్రం బస్సెక్కి, సనయ్యా అనే పారిశ్రామికవాడలో ఉన్న మా కంపెనీ లేబర్ క్యాంపుకి పోయేవాణ్ణి. క్యాంపులో ఎక్కువమంది జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ వైపు మనుషులు. నాది అదే గోదావరికి దిగువన, కోస్తా వైపు. నా ‘అండీ’లు విని వాళ్ళు నవ్వేవారు. అయినా మెస్సులో పప్పుచారు బాగుండేది, తెలుగు వినపడేది. నాకు అంతకన్నా వేరే పని లేదు.

అక్కడే కోట మొదలైంది. స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్ ఒకాయన చిన్నప్పుడు కర్రసాము నేర్చుకున్నాడు. శుక్రవారాలు మెస్సు వెనక ఖాళీ జాగాలో కుర్రాళ్ళకి నేర్పడం మొదలెట్టాడు. నిజం కర్రలతో ఆడితే చేతులు విరుగుతాయని, ప్లాస్టిక్ పైపుకి ఏసీ గొట్టాల మీద తొడిగే నల్ల ఫోమ్ చుట్టి ఆడేవారు. ఆ తరవాత ఎవడికో డాలు కావాలనిపించింది. ఇంకొకడికి శిరస్త్రాణం. నెల తిరిగేసరికి అందరూ కాకతీయుల సైనికులైపోయారు. దానికి ‘కోట’ అని పేరు పెట్టుకున్నారు. చలికాలంలో రెండుసార్లు, అల్ వక్రాలో చేపల పడవలు ఆగేచోటు దాటి ఖాళీగా ఉన్న ఒడ్డున పోటీలు పెట్టేవారు. ఆఖరి వరకు నిలిచినవాడు రాజు. మళ్ళీ పోటీలయ్యేదాకా వాడిదే గద్దె. రాజు మెస్సు హాల్లో దర్బారు తీర్చి, బాగా ఆడినవాళ్ళకి, బాగా పనిచేసినవాళ్ళకి బిరుదులిచ్చేవాడు. క్యాంప్ బాసుకి మేము నాటకం వేసుకుంటున్నామని చెప్పాం. ఆయన తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి, కుర్చీలు విరగ్గొట్టొద్దని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

నన్ను రాయసం పనికి పెట్టుకున్నారు. రాయసం అంటే పాతకాలం రాజుల దగ్గర రాతకోతలు చూసే గుమస్తా. కర్ర పట్టలేని నాకు అంతకన్నా పెద్ద ఉద్యోగం కోటలో లేదు. అప్పట్నుంచి అందరికీ నేను ‘రాయసం సారు’ని.

ఈ కోటకి కావలసిన ఇనుమూ రాగీ అంతా ఒక్క మనిషి చేతిమీదుగా వచ్చేది. ఆయన్ని అందరం చాచా అనేవాళ్ళం. నిర్మల్ దగ్గర ఒక చిన్న ఊరివాడు. తండ్రి ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టేవాడు. చాచా మా కంపెనీలో ఏసీ డక్టులు చేసే పనిలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాడు. మిగిలిన రేకు ముక్కల్ని స్టోర్‌కీపర్‌ని అడిగి తెచ్చుకుని డాళ్ళు, కవచాలు, శిరస్త్రాణాలు చేసేవాడు. ఎక్కడా అంచు గీరుకునేది కాదు. లోపల ఫోమ్ అతికించి, తల చుట్టుకొలత చూసి, కొంచెం వదులుంటే మళ్ళీ విప్పేవాడు. ‘మా దిక్కు ఉక్కు ఒకప్పుడు డమాస్కస్ దాంక పోయిందట సారూ, ఇది ఏసీ రేకు, అయినా పని పనే’ అనేవాడు.

కిరీటం కూడా ఆయనదే. రేకుకి ఇత్తడి అంచు వేసి చేశాడు. మొదటి పోటీలో ఫోర్‌మన్ గెలిచినప్పుడు, కిరీటం ఎవరు పెట్టాలన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. చేసినవాడు చాచా, అందరిలోకీ పెద్దవాడు చాచా. ఆయనే పెట్టాడు. పెట్టి, రెండు చేతులతో అటూ ఇటూ కదిపి, ‘కరెక్ట్ కూసున్నది’ అన్నాడు. ఆ మాట తరవాత అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తరవాత వచ్చిన ప్రతి రాజుకీ అదే జరిగింది. ‘కరెక్ట్ కూసున్నది’ అని ఆయన అనేదాకా ఎవరూ చప్పట్లు కొట్టేవారు కాదు.

బిరుదులతో పాటు చేతికి రాగి పలక ఇచ్చేవాళ్ళం, అరచెయ్యంత. నేను కాగితం మీద మార్కర్‌తో రాసిస్తే, చాచా దాన్ని పలక మీద పెట్టి సన్న ఉలితో చుక్క చుక్కగా చెక్కేవాడు. తెలుగు ఆయనకి కూడబలుక్కుంటే గాని చదవడం రాదు. అక్షరాలు మాత్రం ముత్యాల్లా వచ్చేవి.

మొదట్లో బిరుదులకి అదుపు లేదు. రెండో రాజు ఒకే దర్బారులో తన రూములోవాళ్ళు పదకొండు మందికీ ఇచ్చేశాడు. వంటాయనకి ‘పప్పుచారు గండ’ అన్న బిరుదు కూడా అందులోదే. మూడో రాజు సెలవు మీద ఇంటికి పోయి, అక్కణ్ణుంచి ఫోన్‌లో తన బావమరిదికి బిరుదిచ్చాడు. ఆ బావమరిది ఖతార్ మొహం చూసినవాడు కాదు. పలక చెక్కి పంపమన్నాడు. చాచా కూడా నొచ్చుకున్నాడు. ‘చెక్కుడు నాకు బరువు గాదు సారూ, కానీ గిదేం పద్ధతి?’ అన్నాడు నాతో.

అప్పుడు నేను నియమాలు రాశాను. నాలుగు పేజీలు. బిరుదు ఇచ్చే అధికారం గద్దె మీదున్న రాజుకే. ఇచ్చేటప్పుడు రాజు ఖతార్ గడ్డ మీద ఉండాలి, దర్బారులో కూచుని తన నోటితో చెప్పాలి. పుచ్చుకునేవాడు ఎదురుగా ఉండాలి. రాజు మధ్యలో దేశం వదిలిపోతే గద్దె ఖాళీ, మళ్ళీ పోటీలయ్యేదాకా ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వడానికి లేదు. పోటీలకి పదిహేను రోజుల ముందు అన్ని క్యాంపులకీ కబురు పోవాలి. ప్రింటు తీసి మెస్సు గోడకి అంటించాను. కింద రెవిజన్ నంబరు కూడా వేశాను. అందరికన్నా ముందు దాన్ని చదివించుకుని విన్నది చాచా. ‘ఇప్పుడు బిరుదుకు ఒక ఇజ్జత్ వచ్చింది’ అన్నాడు. ఆ మెచ్చుకోలు నాకు చాలా బాగుంది. దాచుకోను, మా మేనేజర్ ఒక్కసారి కూడా నన్ను అలా మెచ్చుకోలేదు.

ఆ చాచాకి నలుగురు రాజులు మారినా ఒక్క బిరుదూ రాలేదు. కావాలని ఎవరూ చెయ్యలేదు. ప్రతి రాజూ ముందటి రాజు ఇచ్చే ఉంటాడనుకున్నాడు. చాచా అడగలేదు, అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇంకో చిక్కు కూడా ఉంది. అందరి పలకలూ చెక్కేది ఆయనే. ఆయనకి తెలియకుండా ఆయన పలక ఎవరు చెక్కాలి?

ఐదో రాజు జగిత్యాల వైపు రిగ్గరు, క్రేన్ కింద బరువులు కట్టే మనిషి. ఫైనల్‌లో మన ఫోర్‌మన్‌నే ఓడించి గెలిచాడు. ఆయనకి ఈ సంగతి తట్టింది. ఆ సంవత్సరం చాచాకి అరవై దాటాయి, వీసా ఇక పొడిగించరని తెలిసింది. రాజు నా దగ్గరికి వచ్చి, ‘సారూ, చాచా పోయేలోపు ఆయనకు పెద్ద బిరుదే ఇయ్యాలె’ అన్నాడు. ఇద్దరం కూచుని ‘కోట ఓజు’ అని నిర్ణయించాం. ఓజు అంటే పూర్వం పనివాళ్ళకి గురువు, లోహం పనిచేసేవాళ్ళ పేర్ల చివర ఇప్పటికీ వినిపించే మాట. పలక కోసం కాగితం రాసి, పేరు దగ్గర ఖాళీ వదిలి చాచాకే ఇచ్చాను. ‘పేరు తరవాత చెప్తాను, మిగతాది చెక్కండి’ అన్నాను. ఆయన కాగితం వంక చూసి, నా వంక చూసి, ఏమీ అడగలేదు. ఓజు అంటే ఏమిటని కూడా అడగలేదు. ఆ పలకకి మామూలుకన్నా వారం ఎక్కువ తీసుకున్నాడు. అంచు చుట్టూ తీగ కూడా చెక్కాడు. అంత అందమైన పలక అంతకుముందు ఎవరికీ రాలేదు.

దర్బారు శుక్రవారం అనుకున్నాం. చాచా విమానం ఆ ఆదివారం. మంగళవారం నాడు రాజు పనిచేసే ప్రాజెక్టు అయిపోయిందని ఇరవై మంది రిగ్గర్లని ఒక్కసారిగా ఇంటికి పంపేశారు. బుధవారానికి రాజు తన ఊళ్ళో ఉన్నాడు.

శుక్రవారం జుమ్మా నమాజు చూసుకుని చాచా మెస్సు హాలుకి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల కుర్తా, అత్తరు. బిరుదు పుచ్చుకునేవాళ్ళు కూచునే ముందు బెంచీ మీద కూచున్నాడు. అంతకుముందు ఒక్క దర్బారులోనూ ఆయన్ని ఆ బెంచీ మీద చూడలేదు. ఎప్పుడూ వెనకాల, పనిముట్ల సంచీ పక్కన ఉండేవాడు. గద్దె ఖాళీగా ఉంది. దానిమీద కిరీటం పెట్టి ఉంది.

ఫోర్‌మన్ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. రాజు గొంతు హాలంతా వినిపించింది. వెనకాల కోడి కూసింది. ‘చాచా, నేను ఇస్తున్న! కోట ఓజు అని ఇస్తున్న! సారూ, పలక చదువుండ్రి!’

అందరూ నా వైపు తిరిగారు. పలక నా చేతిలోనే ఉంది.

‘చెల్లదండీ,’ అన్నాను నేను. ‘ఆయన దేశంలో లేరు. గద్దె ఖాళీ.’

ఫోర్‌మన్ లేచాడు. ‘ఏమైతది సారూ, ఒక్కపారికి? రాజు ఇస్తనంటున్నడు, తీసుకునేటాయన గీడనే ఉన్నడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడన్నట్టు చేస్తున్రు గదా మీరు!’

హాలంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ‘బావమరిదికి ఫోన్‌లో బిరుదు ఇచ్చినప్పుడు తప్పన్నది మీరే కదండీ! అప్పుడు తప్పయింది ఇప్పుడు ఒప్పెలా అవుతుంది? మనిషిని బట్టి మారితే అది నియమం ఎందుకవుతుంది?’ అన్నాను. గొంతు పెరిగింది. నేను అన్నదాంట్లో తప్పు లేదు. అదే ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

‘గా బావమరిదికి, చాచాకు ఒకటేనా సారూ?’ అన్నారెవరో వెనకనుంచి.

చాచా లేచి నిలబడ్డాడు. ‘సారు చెప్పింది కరెక్టే. రాజు లేనిది బిరుదెట్ల ఇస్తరు? ఉత్తదైతది. నాకు ఉత్తది నక్కో,’ అన్నాడు. ఫోన్ వైపు వంగి, ‘బేటా, నువ్వు యాది చేసినవ్, గంతే చాలు’ అన్నాడు. ఆ తరవాత గద్దె దగ్గరికి పోయి కిరీటం తీసుకుని, చేత్తో తడిమి, ఒక రివెట్ వదులైందని చెప్పి పనిముట్ల సంచీ దగ్గరికి తీసుకుపోయాడు. వెనకాల నేలమీద కూచుని, తెల్ల కుర్తా మోకాళ్ళ మధ్య దోపుకుని, రివెట్ బిగించాడు.

‘పోటీలయ్యాక కొత్త రాజు చేత ఇప్పించి పంపుతాను చాచా,’ అన్నాను దగ్గరికి పోయి.

‘పంపుండ్రి సారూ,’ అన్నాడు తల ఎత్తకుండా.

ఆదివారం ఎయిర్‌పోర్టుకి క్యాంపు నుంచి పదిమంది పోయారు. నేను పోలేదు. ఆఫీసులో పని ఉందని చెప్పాను. పని ఉన్నమాట నిజమే, రోజూ ఉండేంత.

ఎండాకాలం గడిచి మళ్ళీ చల్లబడ్డాక వక్రాలో పోటీలు పెట్టాం. పదిహేను రోజుల ముందే కబురంపాను. గెలిచినవాడు నిర్మల్ వైపు ఎలక్ట్రీషియన్. చెమటలు తుడుచుకుని ఇసకలో మోకాలి మీద కూచున్నాడు, రాజులంతా అలాగే కూచునేవారు. కూచుని తల వంచాడు. ఎవరూ రాలేదు. కిరీటం ప్లాస్టిక్ సంచీలో నా చేతిలో ఉంది. అప్పుడు గానీ మాకెవరికీ గుర్తు రాలేదు.

నా నాలుగు పేజీల్లో కిరీటం ఎవరు పెట్టాలో లేదు. పెట్టే మనిషి ఉన్నాడు కదా అని రాయాలని తోచలేదు. నేను ముందుకెళ్ళి పెట్టబోతే ఆ అబ్బాయి తల కొంచెం వెనక్కి తీసుకున్నాడు. ‘మీరు వద్దు సారూ,’ అన్నాడు మెల్లగా. తిట్టినట్టు అనలేదు. ఫోర్‌మన్‌ని అడిగితే, ‘నేను ఓడినోన్ని, నేనెట్ల పెడుత?’ అన్నాడు. చివరికి ఆ అబ్బాయే నా చేతిలోని సంచీలోంచి కిరీటం తీసి తన తలమీద తను పెట్టుకున్నాడు. చెవులదాకా దిగింది. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఎప్పుడు కొట్టాలో తెలీక ఊరుకున్నారు.

కొత్త రాజు మొదటి దర్బారులో మొదటి బిరుదు చాచాకి ప్రకటించాడు. పుచ్చుకునేవాడు ఎదురుగా ఉండాలన్న నియమాన్ని నేనే ముందురోజు సడలించాను. రెవిజన్ నంబరు మార్చాను. పలక మీద ఖాళీ చోట చాచా పేరు నేనే చెక్కాను. రెండు సాయంత్రాలు పట్టింది. ఆయన అక్షరాల పక్కన నావి తాగి నడిచే మనుషుల్లా వచ్చాయి. సెలవు మీద పోతున్న ఒకతని చేతికిచ్చి పంపాను.

రెండు వారాలకి చాచా ఫోన్ చేశాడు.

‘పలక అందింది సారూ. సల్లగుండాలె మీరు. ఒక్క మాట అడుగుత. గా కొత్త రాజుకు కిరీటం ఎవరు పెట్టిండ్రు?’

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. ‘ఎవరూ పెట్టలేదు చాచా. తనే పెట్టుకున్నాడు.’

‘మంచిగ కూసున్నదా?’

‘లేదు. చెవులదాకా దిగింది.’

‘లోపల ఫోమ్ పెట్టాలె. చెప్పుండ్రి ఆ పిలగానికి,’ అన్నాడు. తరవాత, ‘సారూ, మీరు కోపానికి రావద్దు. తనకు తనే కిరీటం పెట్టుకున్నోడు మన కోటల ఎన్నడన్న రాజైండా? రాజు గానోడు ఇస్తే అది బిరుదెట్లయితది?’ అని అడిగాడు.

‘అది నియమాల్లో లేదు చాచా,’ అన్నాను.

‘లేదు. నాకు ఎరుకే,’ అన్నాడు. నవ్వాడు కూడా. అందులో కోపం ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఆ నవ్వు విన్నాక గానీ నాకు బుర్రకెక్కలేదు. ఆ శుక్రవారం మాకు లేనిది రాజు ఒక్కడే. రాజుని చేసే చెయ్యి ముందు బెంచీ మీదే కూచుని ఉంది. పోటీలో రెండోవాడిగా నిలిచిన ఫోర్‌మన్ అదే హాల్లో నిలబడి నాతో పోట్లాడుతున్నాడు. చాచా లేచి ఆయన తలమీద కిరీటం పెట్టి ‘కరెక్ట్ కూసున్నది’ అని ఉంటే ఆ హాల్లో ఒక్కడూ కాదనేవాడు కాదు. నేను కూడా అనేవాణ్ణి కాదు. కానీ ఫోర్‌మన్‌కి కిరీటం పెడదామన్న మాట ఆయన తనకోసం తను అనడు. అనాల్సింది నేను. ఆ రోజు నేను తప్పు చేశాను. రాసిపెట్టుకున్న నాలుగు పేజీలు చూశాను గానీ ఆ మనిషిని చూడలేదు.

సెలవు మీద పోయినతను తిరిగొచ్చినప్పుడు గుడ్డలో చుట్టిన పలక నా చేతిలో పెట్టాడు. ‘చాచా ఇచ్చి పంపిండు సారూ. ఊళ్ళ అందరు ఆయన్ను దుబాయ్ రాజులకు కిరీటం పెట్టినాయన అంటున్రు,’ అని నవ్వాడు. గుడ్డ విప్పి చూశాను. తీగ అలాగే ఉంది. ‘కోట ఓజు’ అలాగే ఉంది. నేను చెక్కిన పేరు మాత్రం లేదు. ఆ చోట సుత్తితో సమం చేసి, రుద్ది, మెరుగు పెట్టాడు. వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగల్లేదు.

‘పలక మంచిగున్నది, పారేయొద్దన్నడు సారూ,’ అన్నాడతను. ‘తన తరవాత ఎవరన్న పనోడొస్తే, మంచిగ రాజును కూసోబెట్టి, వానికియ్యమన్నడు.’